మొదటి ఊత

ఆ ఏడు ఎండాకాలమంతా నేను చేసిన పని ఒక్కటే, చెరువు ఎండేదాకా కాచుకుని ఉండడం. ఊరంతా మబ్బు కోసం మొక్కుతుంటే నేను మబ్బు పట్టకూడదని మొక్కాను. గంజి కేంద్రం ముందు పిల్లలు ముంతలు పట్టుకుని వరసలో నిలబడి ఉండేవాళ్లు. వాళ్లను చూస్తూ కూడా అదే మొక్కాను. తప్పని తెలియక కాదు. తెలిసే మొక్కాను.

పందొమ్మిది వందల యాభై రెండు. వరసగా మూడో ఏడు కరువు. డోన్‌కు పడమటగా పది మైళ్ల దూరంలో మా ఊరు. నిండితే ఆరు వందల ఎకరాలు పారే మా మద్దిలేటి చెరువు మార్చి నాటికి తూము ముందు ఒక మడుగుగా మిగిలింది. అది ఇంకా తగ్గి నడుములోతుకు దిగితే ఊరి పెద్దలు అందరూ కలిసి చేపలు పట్టే చేపల పొద్దు చాటిస్తారు. చేపల పొద్దున తూముగుంతలో వెదురుబుట్టతో మొదటి ఊత వేసేది పెద్ద భూస్వామి ఓబుల్రెడ్డి. ఆయన నడుముకు కట్టిన తాడు పట్టేది చెరువు నీరుగంటి. ఆ ఏడు నీరుగంటి పని చూస్తున్నది నేను.

ఆ తాడు వదిలేయాలని నేను నవంబరులోనే అనుకున్నాను.

నీరుగంటి అంటే చెరువు నీళ్లకు కాపలా మనిషి. ఏ మడికి ఎన్ని నీళ్లు, ఎవరి వంతు ఎప్పుడు అన్నది చూసేవాడు. తూము తెరవాలంటే నీళ్లలో మునిగి, అడుగున బెజ్జంలో బిగించిన కొయ్య బిరడాను వదులు చేసి పైకి రావాలి. మునిగేవాడి నడుముకు తాడు కడతారు. రెండో కొస గట్టుమీద ఒకరు పట్టుకుంటారు. తల పైకి తేలేదాకా పట్టినవాళ్లు మాట్లాడకూడదు, పక్కకు చూడకూడదు, తుమ్ము వచ్చినా ఆపుకోవాలి. మా నాయన గాబ్రియేలు నా పన్నెండో ఏట ఆ తాడు నా చేతికిచ్చాడు. పెళ్లయి డోన్ వెళ్లేదాకా నేనే పట్టాను. "వరమ్మ పట్టిందంటే నీళ్లలోపల కునుకు తీయొచ్చు" అని అందరికీ చెప్పుకునేవాడు.

నవంబరులో ఒక్క వాన కురిసి చెరువులోకి కాసిని నీళ్లు వచ్చాయి. నేను పుట్టింటికి వచ్చి నాలుగు రోజులైంది. అమ్మ విశ్వాసమ్మ పక్క ఊరికి కూలికి పోయింది. నాయనకు మూడు రోజులుగా చలిజ్వరం. తెలతెలవారుతుండగా ఓబుల్రెడ్డి మా వాకిట్లోకి వచ్చాడు. ఆయన వంతు రావడానికి ఇంకా నాలుగు రోజులుంది.

"గాబ్రియేలూ, వరి ఎండిపోతాండాది. రొంతసేపు నీళ్లు ఇడువు. ఊరు లేసేలోపల మూసేద్దాం."

"వంతు కాదు గదా రెడ్డీ. జొరం గూడా ఉండాది."

"జొరం ఉంటే ఏమప్పా, తాడు నేను పడతా. లెయ్."

మా గుడిసె ఉన్న స్థలం రెడ్డిది. నాయన లేవక ఏం చేస్తాడు. దుప్పటి మడిచి పెట్టి, తాడు భుజాన వేసుకుని వెళ్లాడు.

నేను జొన్నగంజి కాచి ముంతలో పోసుకుని వెనకే బయలుదేరాను. కట్ట ఎక్కేసరికి తూము రాతిమీద తాడు కొస పడి ఉంది. పట్టినవాళ్లు లేరు. రెండో కొస నీళ్లలో ఉంది. ఓబుల్రెడ్డి కట్టకు అవతల, దిగువన, కాలువలో నీళ్లు తన మడికి అందాయో లేదో అని వంగి చూస్తున్నాడు. నేను తాడు పట్టుకుని లాగాను. రాలేదు. అరిచాను. నా అరుపుకు అతను తలెత్తాడు. ఆ ముఖం నాకు ఇవాళ్టికీ కళ్లకు కట్టినట్టుంది. అందులో భయం లేదు, అయ్యో అన్నది లేదు. ఏం చెబితే సరిపోతుందా అని వెతుక్కుంటున్నాడు. ఇక్కడి నుంచి వాడిని వాడు అనే అంటాను. నేను ఊళ్లోకి పరిగెత్తి మనుషులను తెచ్చేసరికి నాయన శవం గట్టుమీద ఉంది, నడుమున తాడు లేదు.

వాడు మునసబు ముందు చెప్పింది ఇది: గాబ్రియేలు తాగి వచ్చాడు, వంతు కాకపోయినా నీళ్లు ఇస్తానన్నాడు, వద్దు వద్దంటున్నా తాడు లేకుండా దూకాడు. తాడు నా కళ్లతో చూశానని నేను చెప్పాను. మునసబు నా వంక జాలిగా చూసి, తండ్రి పోయిన దుఃఖంలో పిల్లకు ఏదేదో కనబడుతోందని అన్నాడు. తాగడమే నేరమైన రోజులవి. తాగి చచ్చినవాడికి గుడి ప్రార్థన లేదని మా సంఘపెద్ద లాజరు తేల్చేశాడు. లాజరు పంటలో పాలిచ్చి కోరుకు చేసే నాలుగెకరాలూ రెడ్డివే. పద్దెనిమిదేళ్లు శనివారం శనివారం గుడి ఊడ్చిన మనిషిని సమాధుల దొడ్డి గోడకు బయట, కంపచెట్ల మధ్య, గంట కొట్టకుండా పూడ్చిపెట్టాం. బాప్తిస్మం తీసుకున్నాక మా నాయన కల్లు చుక్క ముట్టలేదు. ఆ సంగతి ఊరికి తెలుసు. ఊరు నోరు విప్పలేదు.

మా ఆయన లేవి డోన్ స్టేషన్‌లో గ్యాంగు కూలి. నన్ను తీసుకుపోవడానికి వచ్చాడు. నేను పోలేదు. నాయనకు కొడుకులు లేరు. చెరువు అడుగు తెలిసినవాళ్లు నేను తప్ప ఇంకెవరూ లేరు. కొత్తవాడు దొరికేదాకా గాబ్రియేలు కూతురే చూడనీలే అన్నారు పెద్దలు. ఓబుల్రెడ్డి కూడా తల ఊపాడు. నీళ్లే లేని చెరువుకు ఎవరు నీరుగంటి అయితే ఏమిలే అనుకుని ఉంటాడు. చేపల పొద్దు వాడికి ఆ క్షణాన గుర్తు రాలేదు. నాకు వచ్చింది.

ఏప్రిల్‌లో రోజూ పొద్దున్నే ఒక వెదురుగడ తీసుకుని తూముగుంత దగ్గరికి వెళ్లేదాన్ని. ఊరివాళ్లు నేను నీటిమట్టం చూస్తున్నాననుకున్నారు. నేను చూసింది బురద. పైన చూస్తే నడుములోతు నీళ్లు, కింద ఏళ్ల తరబడి పేరుకున్న ఒండ్రు. ఒక అడుగు వేస్తే తొడదాకా, రెండో అడుగుకు మొలదాకా దిగుతుంది. కదిలినకొద్దీ లోపలికి లాగుతుంది. చెరువు ఎండేకొద్దీ పెద్ద కొర్రమీన్లన్నీ అక్కడికే చేరతాయి. అందుకే మొదట దిగేవాడు తాడుతో దిగాలి.

ఊత అంటే వెదురు బద్దలతో అల్లిన అడుగులేని బుట్ట. నీళ్లలో బలంగా గుచ్చి, పైనున్న కంతలోంచి చెయ్యి పెట్టి, లోపల చిక్కిన చేపను పట్టుకోవాలి. చేపల పొద్దున మొదటి ఊత ఆయకట్టులో అందరికంటే ఎక్కువ భూమి ఉన్నవాడిది. అతను మొదటి చేప పట్టి కట్టమీది దేవత సుంకులమ్మకు చూపించేదాకా ఒక్క కాలు కూడా నీళ్లలో పడకూడదు. ఆ తర్వాత మూడూళ్ల జనం గుంత వదిలి చుట్టూ మడుగులో దిగుతారు, ఎవరికి దొరికింది వాళ్లది. దిగడానికి వచ్చి వెనక్కి తిరిగినవాడికి మళ్లీ మొదటి ఊత లేదు. వాడి కొడుకులకూ లేదు.

ఇద్దరు మనుషుల ఎత్తున్న నా గడ సగానికి పైగా బురదలోకి పోయింది. నాకు సంతోషం వేసింది. వాడు భారీ మనిషి. నడుందాకా దిగినాక తాడు వదిలేసి, జారిపోయిందని అరిచి నెత్తి బాదుకుంటే చాలు. ఆడమనిషి చెయ్యి జారిందంటే ఎవరు కాదంటారు. జనం తేరుకుని దుంగలూ నిచ్చెనలూ తెచ్చేసరికి నాకు కావలసింది అయిపోతుంది. గడ కడుక్కుంటూ, సంగటి కెలుకుతూ, గుడిలో అందరితో కలిసి పాడుతూ కూడా నేను దీన్నే ఆలోచించాను. పాట మధ్యలో ఒక్క చరణం కూడా తప్పలేదు.

అమ్మ కనిపెట్టింది. ఒకరోజు మధ్యాహ్నం జొన్నలు చెరుగుతూ అంది.

"నీ కండ్లు బాగల్యావు వరమ్మా. డోన్‌కు పో."

"చేపల పొద్దు అయినాంక పోతా."

"ఆ పొద్దు ఏం చేస్తావు?"

"తాడు పడతా."

అమ్మ చేట ఆపింది. "అది మీ నాయన తాడు. దాంతో చెడ్డపని చెయ్యాకు."

"చెడ్డపని చేసినోడు బాగానే ఉండాడు గదమ్మా. నెయ్యేసుకుని తింటాండాడు."

"దేవుడు చూస్తాండాడు."

"దేవునికి గూడా లాజరే చెప్పింటాడులే, మా గాబ్రియేలు తాగి సచ్చినాడని."

అమ్మ లేచి నన్ను చెంపమీద కొట్టింది. పెళ్లయిన కూతురిని ఆమె కొట్టడం అదే మొదలు, అదే ఆఖరు. కొట్టి తనే కూర్చుని ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. చెల్లాచెదరైన జొన్నలు ఏరి చేటలో పోశాను.

మే నెల మొదటి వారంలో పెద్దలు చావిడి దగ్గర కూడారు. ఊళ్లో ఆకలి ముదిరింది. గంజి కేంద్రంలో గంజి రోజురోజుకూ పలచబడుతోంది. చేపలు పడితే నాలుగు రోజులు తిని, మిగిలినవి ఎండబెట్టుకోవచ్చు. వచ్చే బుధవారం చేపల పొద్దు అనుకున్నారు. అప్పుడు ఓబుల్రెడ్డి మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"ఈ తూరి తాడు మా అయ్యన్న పట్టనీలే. ఆడబిడ్డకు యాల కష్టం?"

అయ్యన్న వాడి పాలేరు. తాడు నా చేతిలోంచి పోయినట్టే అనుకున్నాను. అప్పుడు బొజ్జన్న మాట్లాడాడు. బొజ్జన్న బోయవాళ్ల పెద్ద. పేరుకు తగ్గట్టు మనిషి, ఇరుసులాంటి నడుము, పెద్ద పొట్ట. ఎవరికీ జంకడు, ఎందుకంటే ఎవరి భూమీ చెయ్యడు, గొర్రెలు కాచుకుంటాడు.

"అట్లెట్ల రెడ్డీ? తాడు నీరుగంటిది. మీ తాతకు వీళ్ల తాత పట్టినాడు. నీకు గాబ్రియేలు పట్టినాడు. ఇప్పుడు అయ్యన్న పడితే అమ్మోరు ఆ చేప ముట్టదు."

"ఆడది గదా అని అంటి."

"నీరుగంటి పనికి నువ్వు తల ఊపిన పొద్దు ఆడది గాదా?"

అందరూ నవ్వారు. నేను కొంగు తలమీదికి లాక్కుని కాళ్ల వంక చూస్తూ నిలబడ్డాను. ఆ నిలబడడం నేను ఆ ఎండాకాలంలోనే నేర్చుకున్నాను. మామూలు రోజుల్లో మా నీడ మీద పడితే నీళ్లు చల్లుకునే మనుషులు. తాడు పట్టడానికి మాత్రం మా చెయ్యి వాళ్లకు మైల కాదు. ఆచారం అంటే వాళ్లకు అవసరమైనచోట అంత మెత్తగా ఉంటుంది.

మర్నాడు అయ్యన్న నెత్తిన ఒక మూట జొన్నలు మా ఇంటికి వచ్చాయి. రెడ్డి పంపించాడు, కరువు గదా అన్నాడు. అమ్మ వెనక్కి తీసుకుపొమ్మంది. నేను దించుకున్నాను. చేతుల్లో బలం లేకపోతే, వదలాల్సిన సమయం వచ్చేదాకా పట్టుకోవడం ఎట్లా? ఆ జొన్నలు నేను ఆరు రోజులు తిన్నాను, కడుపునిండా. అమ్మ ముట్టలేదు. ఆమె ముంత పట్టుకుని గంజి కేంద్రానికి పోయి పిల్లల వెనక నిలబడింది.

బుధవారం పొద్దు పొడిచేసరికి కట్టమీద ఇసుక వేస్తే రాలని జనం. మూడూళ్లవాళ్లు. ఊతలు, చిరిగిన వలలు, పాత చీరలు, వెదురు గంపలు, ఏది ఉంటే అది పట్టుకొచ్చారు. ఎముకలు తేలిన పిల్లలు నీళ్ల అంచున కూర్చుని, కాళ్లు తడవకుండా జాగ్రత్తపడుతూ నీళ్లలోకి చూస్తున్నారు. నీళ్లలో అక్కడక్కడా చేపలు ఎగిరిపడుతున్నాయి. ఎగిరినప్పుడల్లా జనం అంతా ఒక్కసారిగా ఊపిరి తీసుకున్న చప్పుడు. లాజరు కూడా ఒక ఊత భుజాన పెట్టుకుని వచ్చి, నాకు కాస్త దూరంలో, నా ముఖం చూడకుండా నిలబడ్డాడు.

ఓబుల్రెడ్డి పంచె గోచీ బిగించి, కొత్త ఊత పట్టుకుని దిగివచ్చాడు. తాడు ముడి వేయడం కూడా పట్టేవాళ్ల పనే. నేను వంగి వాడి నడుము చుట్టూ తాడు తిప్పాను. ముడి గట్టిగా వేశాను. ముడి ఊడితే నా తప్పవుతుంది, చెయ్యి జారితే ఆడదాని బలహీనత అవుతుంది. నా వేళ్ల కింద వాడి పొట్ట అదురుతోంది.

"జొన్నలు పంపిస్తి గదా వరమ్మా," అన్నాడు, నాకు మాత్రమే వినబడేటట్టు.

"తిన్నాం రెడ్డీ. బాగుండాయి."

నేను తూము రాతి దగ్గరికి పోయి, కాలు ఆన్చి, తాడు రెండు చేతులా పట్టుకున్నాను. వాడు నీళ్ల అంచున నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు.

"తాడు పాతదైంది," అన్నాడు.

బొజ్జన్న వచ్చి తాడును రెండు చోట్ల గుంజి చూశాడు. "ఎద్దును కట్టినా తెగదు."

"తాడు ఆగినా చెయ్యి ఆగొద్దా? నా బరువు ఈ పిల్ల ఆపుతుందా?"

బొజ్జన్న తలపాగా తీసి పక్కన పెట్టాడు. వాడి నడుము ముడి నా చేత విప్పించి తన నడుముకు కట్టించుకున్నాడు. ఊత లేకుండా, ఉత్త చేతులతో, గుంత అంచున దిగాడు. తాడు చూడడానికే దిగాడు కాబట్టి ఆచారం తప్పిందని ఎవరూ అనలేదు. రెండడుగులకు మొలదాకా, మూడో అడుగుకు పొట్టదాకా దిగబడ్డాడు. తాడు బిగుసుకుంది. నా అరిచేతులు మండాయి. రాతికి కాలు తన్నిపెట్టి వెనక్కి వాలాను. వదలాలన్న ఊహ కూడా రాలేదు. ఆ మనిషి మీద నాకు పగ లేదు. కొంచెం కొంచెంగా లాగితే అతను ఒండ్రులోంచి ఊడివచ్చి, మోకాళ్లమీద పాకి గట్టెక్కాడు.

"గాబ్రియేలు పట్టినట్టే ఉండాది," అన్నాడు రొప్పుతూ. "నాకంటే బరువా రెడ్డీ నువ్వు?"

జనం నవ్వారు. వెనక నుంచి ఎవరో అన్నారు, "దిగు రెడ్డీ, పొద్దెక్కుతాండాది. పిల్లోళ్లు ఆకలిగా ఉండారు." ఇంకొకరు అదే మాట అన్నారు. నేను మళ్లీ వాడి నడుముకు ముడి వేశాను, ఈసారి ఇంకా గట్టిగా. రాతి దగ్గరికి వెళ్లి పట్టుకున్నాను.

వాడు ఒక అడుగు వేశాడు. చీలమండ దాకా నీళ్లు. అక్కడ ఆగి వెనక్కి తిరిగి నా ముఖం చూశాడు. ఆ ఎండాకాలమంతా వాడి ముందు నేల చూసిన దాన్ని, ఆ ఒక్కసారి తలెత్తాను. నా కళ్లలో ఏముందో నాకు తెలియదు. దాన్ని దాచాలని మాత్రం నేను ప్రయత్నించలేదు.

వాడు అడుగు వెనక్కి తీశాడు.

"ఇది ఇడుస్తాది," అన్నాడు.

గట్టిగా అనలేదు. కానీ కట్టమీద అందరికీ వినబడింది.

"ఏమంటివి రెడ్డీ?" అన్నాడు బొజ్జన్న.

"ఇది కావాలనే ఇడుస్తాది. నేను దిగను."

బొజ్జన్న గడ్డం గోక్కున్నాడు. నిజంగా తెలియకనే అడిగాడో, తెలిసే అడిగాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"యాల ఇడుస్తాది? ఆయమ్మకు నీమీద ఏం కోపం? గాబ్రియేలు తాగి, తాడు ల్యాకుండా దూకినాడంటివి. నువ్వు వద్దు వద్దంటే యినలేదంటివి. మేలు చెప్పినోని మీద ఎవరికైనా పగ ఉంటాదా రెడ్డీ?"

ఓబుల్రెడ్డి జవాబు ఏదైనా చెప్పి ఉంటే ఊరు ఎప్పటిలాగే తల ఊపేదేమో. వాడు చెప్పలేదు. వంగి, నడుముకున్న ముడి విప్పుకోబోయాడు. అది నేను వేసిన ముడి. వాడి వేళ్లకు చిక్కలేదు. గోళ్లతో గీకాడు, గుంజాడు. మూడూళ్ల జనం చూస్తున్నారు. ఎవరూ సాయం రాలేదు. చివరికి అయ్యన్న కొడవలి తెచ్చి తాడు కోస్తే, తెగిన తాడు ముక్క నడుముకు వేలాడుతుండగా వాడు కట్ట ఎక్కాడు. జనం దారి ఇచ్చారు. ఎవరూ పలకరించలేదు. లాజరు తన ఊత పక్కన పడేసి, ఉన్నచోటనే నేలమీద చతికిలబడ్డాడు.

"పట్టు తల్లీ," అన్నాడు బొజ్జన్న, తాడు తన నడుముకు చుట్టుకుంటూ.

వాడు పడేసిపోయిన కొత్త ఊతతోనే దిగాడు. రెండోసారి గుచ్చగానే ఊత బద్దలు టపటపా కొట్టుకున్నాయి. కంతలో భుజందాకా చెయ్యి దూర్చి చెయ్యి పొడవు కొర్రమీనును పైకి తీశాడు. సుంకులమ్మకు చూపించాడు. అంతే, జనం ఒక్క పెట్టున నీళ్లలో పడ్డారు. వందల ఊతలు, అరుపులు, తిట్లు, నవ్వులు. మూడేళ్లుగా మా ఊరు అట్లా నవ్వగా నేను వినలేదు. చిన్నపిల్లలు కూడా ఒడిలో చిన్న పరిగె చేపలు నింపుకుని పరిగెత్తుతున్నారు.

నేను తూము రాతిమీద కూర్చుండిపోయాను. వచ్చిన ప్రతివాడూ నా దగ్గర ఆగి ఏదో ఒకటి చెప్పిపోయాడు. "నీ మీద ఎంత మాటన్నాడమ్మా." "ఇడిసే చెయ్యా ఇది?" ఒక ముసలామె నా అరిచేతులు పట్టుకుని, తాడు ఒరిపిడికి లేచిన బొబ్బలు చూసి కళ్లకు అద్దుకుంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆరు నెలలు కాచుకుని కూర్చున్నది నా నోటిదాకా వచ్చి చెయ్యిజారిపోయింది. వాడు చావలేదు. కాళ్లు కూడా సరిగా తడవకుండా ఇంటికి పోయి కూర్చున్నాడు. అందరికీ పండగగా ఉన్న ఆ పొద్దు నాకు దొంగలు దోచుకున్నట్టు ఉంది.

ఆ సాయంత్రం అమ్మ చేపల పులుసు పెట్టింది. ఆరు రోజుల తర్వాత ఇంట్లో కడుపునిండా తింది. నా చేతులకు ఆముదం రాసింది.

శనివారం లాజరు వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "వరమ్మా, రేపు గంట కొట్టిస్తా. ప్రార్థన చేయిస్తా," అన్నాడు. "గోడ ఏం చేస్తావు?" అన్నాను. తల దించుకున్నాడు. ఆదివారం డోన్ నుంచి లేవి వచ్చాడు, గంట మోగింది, ఆరు నెలల తర్వాత మా నాయనకు ప్రార్థన జరిగింది. అయినా నేను గోడ మాట వదల్లేదు. సోమవారం నుంచి లాజరు తన చేతులతో సమాధుల దొడ్డి గోడను ఆ పక్కన పడగొట్టి, మా నాయన సమాధి లోపలికి వచ్చేటట్టు మళ్లీ కట్టాడు. నాలుగు రోజులు ఎండలో రాళ్లు మోశాడు. నేను రోజూ వెళ్లి కంపచెట్టు నీడన కూర్చుని చూశాను. ఒక్క ముంత నీళ్లు ఇవ్వలేదు. అమ్మ తెచ్చి ఇచ్చింది.

నీరుగంటి పని నా పేరనే నిలబడింది. నేను డోన్ తిరిగి పోలేదు. లేవి వారానికి ఒకసారి రైలెక్కి, దిగినచోటి నుంచి నడిచి వచ్చేవాడు. మొదటి ఊత బొజ్జన్న ఇంటికి పోయింది. ఓబుల్రెడ్డిని ఎవరూ ఏమీ అనలేదు. మునసబు కాగితాల్లో మార్పు లేదు. కానీ ఏ తగవుకూ వాడిని సాక్ష్యానికి పిలవడం మానేశారు. వాడు చావిడి దగ్గరికి వస్తే మాటలు ఎండలమీదికీ గొడ్లమీదికీ మళ్లేవి.

జూన్ ఆఖరున మొదటి వాన పడింది. తూము బెజ్జంలో చెత్త చేరిందేమో చూద్దామని పొద్దున్నే కట్టమీదికి వెళ్లాను. ఓబుల్రెడ్డి ఒంటరిగా వచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. ముఖం మాసి ఉంది. నాకు నాలుగడుగుల దూరంలో ఆగాడు.

"ఒక మాట అడుగుతా. నిజం చెప్పు."

"అడుగు రెడ్డీ."

"ఆ పొద్దు నేను దిగింటే నువ్వు ఇడిసేదానివే గదా?"

వాడే మళ్లీ అన్నాడు. "ఇంట్లో గూడా నమ్మడంల్యా. నా పెండ్లామే అంటాది, ప్రార్థన చేసుకునే పిల్ల, అట్లాంటిది కాదని. పాపం ఆ పిల్లను అనరాని మాట అంటివే అని పొద్దు లేస్తే సాధిస్తాంది. నాకే అనుమానం వస్తాండాది, ఉత్తపుణ్యానికి భయపడితినా అని."

నేను తలమీది కొంగు తీసి భుజాన వేసుకున్నాను. వాడి కళ్లలోకి చూశాను.

"లేదు రెడ్డీ. సరిగ్గానే భయపడినావు. ఇడిసేదాన్నే. నడుందాకా దిగినాంక ఇడవాలని నవంబరులోనే అనుకున్యా. బురద ఎంత లోతుండాదో రోజూ గడ పెట్టి చూసుకున్యా. నువ్వు పంపిన జొన్నలు తిని చేతులకు బలం తెచ్చుకున్యా."

వాడి ముఖం ఒక్క క్షణం వెలిగింది. తాను పిచ్చివాడు కాదని తెలిసిన వెలుగు అది. కట్టకు అవతల ఊరి వైపు తిరిగి రెండడుగులు వేశాడు కూడా.

"పో," అన్నాను వెనక నుంచి. "పోయి అందరికీ చెప్పుకో. బొజ్జన్నకు చెప్పు. మునసబుకు చెప్పు. వరమ్మ తన నోటితోనే ఒప్పుకునిందని చెప్పు."

వాడు ఆగిపోయాడు. ఎవరు నమ్ముతారో ఒక్కొక్కరినే తలుచుకుంటున్నట్టు చాలాసేపు అట్లాగే నిలబడ్డాడు. కచ్చితంగా తెలిసిన నిజం నోట్లో పెట్టుకుని, చెప్పినా వినే మనిషి లేక తిరగడం ఎట్లా ఉంటుందో నాకు ఆరు నెలలు తెలుసు. వాడికి బతికినన్నాళ్లూ తెలియాలి. అందుకే చెప్పాను.

ఆ తర్వాత వాడు ఇరవై రెండేళ్లు బతికాడు. వాటిలో ఒక్క ఏడు కూడా నాకు ఎక్కువ అనిపించలేదు.